మూడు నెలల షుగర్ టెస్టు రిపోర్టును ఎలా చదవాలి?

మూడు నెలల షుగర్ టెస్టు అని మనం పిలిచే హెచ్‌బిఎ1సి టెస్టుకు పరగడుపునే వెళ్లాల్సిన పనిలేదు. తిని వెళ్లినా అంకె మారదు. చేతి నరం నుంచి రెండు మూడు మిల్లీలీటర్ల రక్తం తీసి ఊదారంగు మూత ఉన్న ట్యూబులో పోస్తారు, అంతే. అదే రోజు ఫాస్టింగ్ షుగర్ కూడా చూపించుకోవాలంటే మాత్రం కనీసం 8 గంటలు ఏమీ తినకూడదు, మంచినీళ్లు తాగొచ్చు.

రక్తంలోని గ్లూకోజు ఎర్ర రక్తకణాల్లో ఉండే హిమోగ్లోబిన్‌కు అంటుకుంటుంది. అలా అంటుకున్నది ఆ కణం బతికినన్నాళ్లూ, అంటే సుమారు 120 రోజులు, ఊడదు. హిమోగ్లోబిన్‌లో ఎంత శాతానికి గ్లూకోజు అంటుకుందో చెప్పేదే ఈ టెస్టు. మూడు నెలల సగటు అంటారు గానీ అన్ని నెలలకూ సమాన వాటా ఉండదు, చివరి నెలదే దాదాపు సగం. అందుకే టెస్టుకు ముందు నాలుగు రోజులు పథ్యం చేస్తే పెద్దగా ఒరిగేదేమీ ఉండదు.

అంకె 5.7 శాతం లోపుంటే మామూలే. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే ప్రీ డయాబెటిస్, అంటే మధుమేహానికి ముందు దశ; 6.5 గానీ ఆపైన గానీ ఉంటే మధుమేహం. అతిదాహం, మాటిమాటికీ మూత్రం, కారణం లేకుండా బరువు తగ్గడం వంటి లక్షణాలేవీ లేనప్పుడు ఒక్క అంకె చూసి మధుమేహమని తేల్చేయకూడదు. మళ్లీ టెస్టు చేయించాలి, లేదా ఫాస్టింగ్ షుగర్ 126కు చేరిందేమో చూడాలి. గర్భిణుల్లో కొత్తగా వచ్చే షుగర్‌ను పట్టుకోవడానికి ఈ టెస్టు సరిపోదు, గ్లూకోజు తాగించి చేసే టెస్టే కావాలి.

రిపోర్టులో పక్కనే ‘సగటు గ్లూకోజు’ అని ఇంకో అంకె ఉంటుంది. అది విడిగా కొలిచింది కాదు, లెక్కకట్టింది: శాతాన్ని 28.7తో గుణించి 46.7 తీసేస్తారు. 7 శాతానికి డెసిలీటరు రక్తంలో 154, 8కి 183, 9కి 212 మిల్లీగ్రాములు వస్తాయి. ఈ అంకెను ఇంట్లో గ్లూకోమీటర్ రీడింగులతో పోల్చి చూడండి, అసలు సంగతి అక్కడే బయటపడుతుంది. ఉదాహరణకు, ఇంట్లో పొద్దున ఎప్పుడు చూసినా 110 దాటడం లేదు, రిపోర్టులో మాత్రం 8 శాతం. అలాంటప్పుడు ముందుగా అనుమానించాల్సింది తిన్న తర్వాతి షుగర్‌ను. వారంపాటు ప్రతి భోజనం మొదలుపెట్టిన రెండు గంటలకు చూసి రాసుకోండి. అక్కడా అంతా బాగానే ఉంటే హిమోగ్లోబిన్, ఐరన్ టెస్టులు చేయించమని డాక్టర్‌ను అడగండి.

ఎందుకంటే ఐరన్ లోపంతో వచ్చే రక్తహీనతలో షుగర్ అంతగా లేకపోయినా ఈ అంకె పెరుగుతుంది. బి12 లోపంలోనూ అంతే. ఎర్ర రక్తకణాలు త్వరగా నశించే జబ్బుల్లో, రక్తం బాగా పోయినప్పుడు, కిడ్నీ రోగులు రక్తం పెరగడానికి ఇంజెక్షన్లు తీసుకుంటున్నప్పుడు అంకె తక్కువగా కనిపిస్తుంది, ఇదే ఎక్కువ ప్రమాదం. రక్తం ఎక్కించుకున్నాక మూడు నెలలదాకా దీన్ని నమ్మలేం. ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే సికిల్ సెల్ జబ్బు ఉన్నవారికి ఫ్రక్టోసమీన్ అనే టెస్టు మేలు, అది గత రెండు మూడు వారాల సంగతి చెబుతుంది.

సగటు కాబట్టి ఒడుదొడుకులను ఇది దాచేస్తుంది. ఒకపూట 60కి పడిపోయి ఇంకోపూట 250కి ఎగిసే మనిషికి కూడా 7 శాతం రావచ్చు. ఇన్సులిన్ వాడేవారు ఈ ఒక్క అంకె బాగుందని ధీమాగా ఉండకూడదు.

చాలామంది పెద్దలకు 7 లోపు లక్ష్యంగా పెడతారు. షుగర్ పడిపోయే ముప్పున్న వృద్ధులకు 8 దాకా పర్వాలేదంటారు. 7.1 నుంచి 7.3కి పెరిగితే కంగారు పడొద్దు, అంతమాత్రం తేడా టెస్టులోనే వస్తుంది. అర శాతం మారితే మాత్రం పట్టించుకోండి. మందు మార్చితే మూడు నెలలకోసారి, నిలకడగా ఉంటే ఆరు నెలలకోసారి, వీలైనంతవరకు ఒకే ల్యాబ్‌లో చేయించండి. అంకె తగ్గింది కదా అని డాక్టర్‌ను అడగకుండా మాత్ర మానేయకండి, చాలాసార్లు అది తగ్గింది ఆ మాత్ర వల్లే.