క్లాసు టీవీ పెన్‌డ్రైవ్‌ను గుర్తించడం లేదా? నా అనుభవం

రెండో తరగతి పిల్లలకు ఒత్తుల వీడియోలు చూపిద్దామని 64 జీబీ పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్తే, మా బడి టీవీ దాన్ని గుర్తించనే లేదు. ఆశగా ముందుకు జరిగి కూర్చున్న పిల్లల్ని చూస్తే ప్రాణం ఉసూరుమంది. పోర్టు మార్చాను, టీవీ రీసెట్ చేశాను, ఇంకో 64 జీబీది కొన్నాను, ఏదీ పనిచేయలేదు.

చివరికి పెన్‌డ్రైవ్‌ను ల్యాప్‌టాప్‌కు పెట్టి, రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూశాను. ఫైల్ సిస్టమ్ (డ్రైవ్‌లో ఫైళ్లను అమర్చే పద్ధతి) దగ్గర ఎక్స్‌ఫ్యాట్ అని ఉంది. మా టీవీకి కావాల్సింది ఫ్యాట్32 అనే ఇంకో పద్ధతి. విండోస్ 10లో మామూలు ఫార్మాట్ ఆప్షన్ 32 జీబీ దాకా ఉన్న డ్రైవ్‌లకే ఫ్యాట్32 ఇస్తుంది. అందుకని ముందు వీడియోలన్నీ ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసుకుని, ఇంట్లో ఉన్న పాత 16 జీబీ డ్రైవ్ తీశాను. అందులో ఉన్నవి కూడా వేరే చోట దాచాను, ఫార్మాట్ చేస్తే ఏదీ మిగలదు కదా. తర్వాత ఫ్యాట్32 ఎంచుకుని ఫార్మాట్ కొట్టి, వీడియోలు వేశాను. ఫ్యాట్32లో ఒక్కో ఫైలు 4 జీబీ లోపే ఉండాలి.

మర్నాడు పెట్టగానే వచ్చేసింది! తెర మీద ‘అమ్మ’లో మ ఒత్తు కనబడగానే వెనక వరస పిల్లాడు పలక మీద రాసి ఎత్తి చూపించాడు.

అన్ని టీవీలకూ కారణం ఇదే కాకపోవచ్చు, ఎక్స్‌ఫ్యాట్ చదివే టీవీలూ ఉన్నాయి. ఫైలు పేరు కనబడుతూ బొమ్మ మాత్రం రాకపోతే అది బహుశా వీడియో ఫార్మాట్ సమస్య, దానికి ఈ పద్ధతి పనికిరాదు.