జిరాక్స్‌లో చెరిగిపోని పవర్లు: వర్డ్‌లో సూపర్‌స్క్రిప్ట్, సబ్‌స్క్రిప్ట్ సైజు మార్చుకోవడం ఎలా?

గుంటూరులో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను. ఓసారి స్లిప్ టెస్ట్ పేపర్ టైప్ చేసి, అరండల్‌పేటలో జిరాక్స్ తీయించి పంచాను. ఓ అమ్మాయి లెక్కంతా సరిగ్గా చేసింది, జవాబు మాత్రం పది లక్షల రెట్లు ఎక్కువ వచ్చింది. తన పేపర్ తీసుకుని చూస్తే, నేను కొట్టిన 10⁻³లో మైనస్ కాపీలో పూర్తిగా పోయింది. ఆ అమ్మాయి చేతిలో ఉన్నది 10³. మార్కులు వేసేశాను కానీ మనసు ఊరుకోలేదు.

వర్డ్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఈక్వల్ గుర్తు కలిపి నొక్కితే అంకె పైకి వెళ్తుంది, అదే సూపర్‌స్క్రిప్ట్. షిఫ్ట్ లేకుండా నొక్కితే కిందికి దిగుతుంది, అది సబ్‌స్క్రిప్ట్. ఇది అందరికీ తెలిసిందే. అసలు ఇబ్బంది సైజుతో. ఆ అంకె మామూలు అక్షరంలో దాదాపు మూడింట రెండు వంతులకు తగ్గిపోతుంది. 11 పాయింట్ల పేపర్లో అది ఏడు పాయింట్ల దరిదాపుల్లో ఉంటుంది. అందుకే సైజు, ఎత్తు మనమే పెట్టుకోవాలి.

పేపర్ 12 పాయింట్లలో ఉందనుకుందాం. పవర్ అంకెను సెలెక్ట్ చేసి కంట్రోల్ డి నొక్కండి. ఫాంట్ సైజు 9 పెట్టండి. సూపర్‌స్క్రిప్ట్ టిక్ ఉంటే తీసేయండి, లేకపోతే ఆ 9 మళ్లీ చిన్నదైపోతుంది. తర్వాత అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో పొజిషన్ దగ్గర రైజ్‌డ్ ఎంచుకుని, పక్కన 4 పాయింట్లు ఇవ్వండి. నీటి ఫార్ములాలో హెచ్ పక్కన వచ్చే 2 లాంటి వాటికి లోయర్డ్, 2 పాయింట్లు చాలు.

ప్రతి అంకెకూ ఇలా చేస్తూ కూర్చుంటే తెల్లారిపోతుంది. స్టైల్ తయారు చేసుకోండి, అంటే ఈ కొలతలన్నీ ఒక పేరుతో దాచుకోవడం. ఆల్ట్, కంట్రోల్, షిఫ్ట్, ఎస్ కలిపి నొక్కితే స్టైల్స్ పలక తెరుచుకుంటుంది. అందులో న్యూ స్టైల్ నొక్కి, టైప్ దగ్గర క్యారెక్టర్ ఎంచుకుని, 'పై అంకె' అని పేరు పెట్టండి. కింద ఫార్మాట్ బటన్‌లో ఫాంట్‌కి వెళ్లి పైన చెప్పిన కొలతలే ఇవ్వండి. అదే బటన్‌లో షార్ట్‌కట్ కీ కూడా ఉంటుంది, వేరే పనికి వాడని కీలు చూసి ఇవ్వండి. 'కింది అంకె'కు ఇంకో స్టైల్. ఇవి 12 పాయింట్లకు కుదిరిన కొలతలు కాబట్టి పెద్ద హెడ్డింగులకు పనికిరావు, అక్కడ మామూలు సూపర్‌స్క్రిప్టే వాడండి.

మైనస్‌కు హైఫన్ కొట్టకండి, అది మరీ పొట్టి. విడిగా 2212 అని టైప్ చేసి వెంటనే ఆల్ట్ ఎక్స్ నొక్కితే అసలైన మైనస్ వస్తుంది. ముందున్న 10కి ఆనించి కొడితే వర్డ్ అన్ని అంకెలనూ కలిపి చదివేస్తుంది. అందుకే మధ్యలో ఖాళీ వదిలి, తర్వాత చెరిపేయండి.

అంకెలు పైకీ కిందికీ వెళ్తే వరుసల మధ్య ఎడం ఎగుడుదిగుడు అవుతుంది. పేరాగ్రాఫ్‌లో లైన్ స్పేసింగ్‌ను ఎగ్జాక్ట్‌లీ చేయండి. ఇంగ్లిష్ పేపర్‌కు 16 పాయింట్లు సరిపోతాయి. తెలుగుకు 20 నుంచి మొదలుపెట్టండి, తక్కువైతే వత్తుల కింది భాగం తెగిపోతుంది.

లిబ్రె ఆఫీస్ వాడేవాళ్లకు పని ఇంకా తేలిక. ఫార్మాట్ మెనూలో క్యారెక్టర్, అందులో పొజిషన్ ట్యాబ్. అక్కడ సూపర్‌స్క్రిప్ట్ ఎంచుకుంటే సైజు మామూలుగా 58 శాతం ఉంటుంది, దాన్ని 75 చేయండి. గూగుల్ డాక్స్‌లో సూపర్‌స్క్రిప్ట్‌కు ఇలాంటి కొలతలు ఇచ్చే చోటు లేదు.

పేపర్ పంచేముందు ఒక జిరాక్స్ తీయించి, ఆ కాపీకి మళ్లీ కాపీ తీయించి చూడండి. మైనస్ పలచబడితే స్టైల్‌లో సైజు అర పాయింటు పెంచండి. ఆ ఒక్కచోట మారిస్తే ఆ స్టైల్ వాడిన అంకెలన్నీ మారిపోతాయి.