మనూమిన్ ఒడ్డుకొచ్చాక టీచరు ఏం చేయాలి

మీరు అమెరికాలో, ఉత్తర మిన్నెసోటాలో, ఏదైనా చిన్న అనిషినాబే (ఓజిబ్వే అని కూడా పిలిచే అక్కడి ఆదివాసీ తెగ) బడికి లెక్కల టీచరుగా వస్తుంటే, సెప్టెంబరు లెసన్ ప్లాన్ పెన్సిల్‌తో రాసుకోండి. నేను మొదటి ఏడాది పెన్నుతో రాశాను. బడి తెరిచిన వారం తిరక్కుండానే నా ఎనిమిదో తరగతిలో 14 మందికి నలుగురు మిగిలారు. మిగతావాళ్ళేరీ అంటే ఆ నలుగురూ కిటికీ వైపు చూశారు. కిటికీ అవతల సరస్సు. సరస్సులో పచ్చగా, ఒంగోలు కాలవ కింద పొలంలా, వరి.

వరి అంటే మన వరి కాదు, దానికి దూరపు చుట్టం. విత్తేవాళ్ళు లేకుండా నీళ్ళలో మొలిచి, మనిషెత్తు పెరిగి, గింజ పట్టి, మళ్ళీ తనే రాలి మరుసటేటికి మొలుస్తుంది. అనిషినాబేల భాషలో దాని పేరు మనూమిన్. నీళ్ళ మీద తిండి పెరిగే చోటు దొరికేదాకా పడమరకి నడవండని పెద్దలకి చెప్పారట, అలా తూర్పు సముద్ర తీరం నుంచి ఈ సరస్సుల దాకా వచ్చారని ఇక్కడి చిన్నపిల్లకి కూడా తెలుసు. వాళ్ళ లెక్కలో ఇది మనూమినికే గీజిస్, అంటే వరి ఏరుకునే నెల. దాని తర్వాత ఆకు రాలే నెల, ఆ తర్వాత నీళ్ళు గడ్డకట్టే నెల. బడి క్యాలెండర్‌లో క్వార్టర్లు, పేరెంట్ మీటింగులు ఉంటాయి కానీ ఆకులు రాలే కాలమంతా నడిచేది ఈ మూడు నెలల లెక్కనే.

అందుకని పాఠం ఎలా చెప్పాలో నేను చెప్పను. గింజ బడి ఆవరణలోకి వచ్చాక మీ చేతులు ఏం చేయాలో చెబుతాను.

పడవ సంగతి ముందే

ఎవరైనా పిలిచినా మొదటి ఏడాది పడవ ఎక్కకండి. రిజర్వేషన్ (అంటే తెగకి కేటాయించిన భూభాగం) లోపలి సరస్సుల్లో వరి తీసుకునే హక్కు తెగవాళ్ళది. గింజ పండిందా లేదా అని పెద్దవాళ్ళు వెళ్ళి చూసి, "ఫలానా సరస్సు తెరిచారు" అని కబురు పెడితే తప్ప వాళ్ళు కూడా దిగరు. ఒకే వెన్నులో గింజలన్నీ ఒక్కసారి పండవు. పై గింజ రాలుతుంటే కింది గింజ ఇంకా పాల మీదే ఉంటుంది. తొందరపడితే రెండోసారికి ఏమీ మిగలదు.

దూరం నుంచి చూడటానికి మాత్రం వెళ్ళండి. ఒకరు వెనక నిలబడి పొడుగాటి గెడతో పడవని తోస్తారు. ఇంకొకరు కూర్చుని రెండు దేవదారు కర్రలు పట్టుకుంటారు. ఒక కర్రతో దుబ్బుని పడవ మీదికి వంచుతారు, రెండో కర్రతో తడుతున్నారా నిమురుతున్నారా తెలియనంత మెల్లగా ఒక దెబ్బ. పండినవి జలజలా పడవలో రాలతాయి, పండనివి వెన్నుకే ఉంటాయి, కొన్ని నీళ్ళలో పడతాయి. నీళ్ళలో పడ్డవి పోయినట్టు కాదు, వచ్చే ఏటి విత్తనం అవే.

లెక్కల టీచరుకి ఇక్కడ ఒక పీరియడ్ దొరుకుతుంది. రిజర్వేషన్ బయటి సరస్సుల్లో రాష్ట్రం పెట్టిన నిబంధనల ప్రకారం పడవ 18 అడుగులు దాటకూడదు, కర్ర 30 అంగుళాలు దాటకూడదు, బరువు పౌండు లోపుండాలి. కిచెన్ త్రాసు, టేపు ఇచ్చి పిల్లల్ని వాళ్ళ ఇంటి కర్రలు తూచమనండి. మా క్లాసులో ఒకడి తాత చెక్కిన కర్రలు రెండూ కలిపి తూచినా పౌండు కాలేదు. ఆ పిల్లాడు వారం రోజులు నేల మీద నడవలేదు.

పొగాకు

ఏ పనికైనా ముందు అసేమా పెడతారు, అంటే పొగాకు. నీళ్ళలో చిటికెడు వేసి, అడిగి, అప్పుడు గింజ తీసుకుంటారు. పెద్దవాళ్ళని ఏదైనా నేర్పమని అడగాలన్నా చేతిలో కాస్త పొగాకు పెట్టి అడగాలి. మా వైపు పొగాకంటే ఆకు ఆరబెట్టే బ్యారన్‌లూ, వేలంలో రాని ధరా, నాన్న అప్పూ. దాన్ని దణ్ణం పెట్టే వస్తువుగా చూడటానికి నాకు ఒక సీజన్ పట్టింది. చిన్న గుడ్డ మూటలో కొంచెం కట్టుకుని మీ బ్యాగులో ఎప్పుడూ ఉంచుకోండి. చాక్లెట్ డబ్బా దానికి బదులు కాదు. నేను ఇచ్చి చూశాను, నవ్వుతూ తీసుకున్నారు, ఏమీ నేర్పలేదు.

ఆరబెట్టడం

గోతాలు ఒడ్డుకి రాగానే విప్పేయాలి. రాత్రంతా కట్టి ఉంచితే లోపల వేడెక్కి బూజు పడుతుంది. మనకి కళ్ళంలో తడి వడ్ల కుప్ప ఎలా ఆవిర్లు కక్కుతుందో తెలుసు కదా, అదే. టార్పాలిన్లు పరిచి పల్చగా పోయండి, గంటకోసారి చేత్తో తిరగేయండి, ఆకులూ కాడలూ ఏరండి. ఒకటి రెండు రోజులు పడుతుంది.

దీనికి నిండు చేతుల చొక్కా, కాళ్ళకి సాక్సుల్లో దోపిన ప్యాంటు, మెడకి చున్నీ తప్పనిసరి. ప్రతి గింజకీ చివర పొడుగాటి ముల్లుంటుంది, దాని మీద వెనక్కి తిరిగిన సన్నని నూగు. బట్టలోకి దిగితే ముందుకే పోతుంది కానీ బయటికి రాదు. కంట్లో పడితే డాక్టరే గతి, కాబట్టి పిల్లలకి సైన్స్ ల్యాబ్ కళ్ళజోళ్ళు పెట్టించండి. గింజల్లో లేత రంగు పురుగులుంటాయి, అవి కుడతాయి. కుట్టినప్పుడు మీరు అరిస్తే ఆ ఏడాదంతా పిల్లలు మిమ్మల్ని అనుకరించి చూపిస్తారు. అనుభవం మీద చెబుతున్నా.

వేయించడం

పెద్ద ఇనప కెటిల్‌ని, అంటే బానలాంటి పాత్రని, పొయ్యి మీద ఏటవాలుగా కూర్చోబెడతారు, ఎదురుగా స్టూలేసుకుని కలపడానికి వీలుగా. కలిపేది పడవ తెడ్డుతోనే. పడవకీ వంటకీ ఒకే మాటున్న భాష మనది, ఆ సంగతి చెబితే ఓజిబ్వే టీచరు నోట్సులో రాసుకున్నారు.

కెటిల్‌లో మూడు నాలుగు అంగుళాల మందం మించి పోయకండి. మంట కాదు, సన్న సెగ కావాలి. మంగలంలో పేలాలు వేయించడం చూసినవాళ్ళు ఇక్కడే పొరపడతారు. అక్కడ గింజ పేలాలి, ఇక్కడ పేలకూడదు. లోపలి తడి మెల్లగా ఆరి, గింజ గట్టిపడి, పొట్టు పెళుసెక్కాలి. తెడ్డు అడుగు నుంచి పైకి, ఆగకుండా, ముప్పావు గంట నుంచి గంట. మొదట పచ్చి గడ్డి వాసనొస్తుంది, తర్వాత తడి మట్టి వాసన, చివరికి టీ పొడి డబ్బా మూత తీసినట్టు ఒక వాసన. ఆకుపచ్చ పోయి గోధుమ రంగు తిరిగాక నాలుగు గింజలు తీసి వేళ్ళ మధ్య నలపండి. పొట్టు ఊడి, గింజ గాజుముక్కలా గట్టిగా ఉంటే దింపేయొచ్చు. వంగితే ఇంకా ఉంచాలి.

రెండో ఏడాది నాకు కెటిల్ అప్పగించారు. సరిగ్గా అప్పుడే అమ్మ వీడియో కాల్. అక్కడ రాత్రి పొద్దుపోయింది, నిద్రపట్టక చేసింది. కెటిల్ చూపిద్దామని తెడ్డు వదిలి ఫోన్ తిప్పాను, అంతే, రెండు నిమిషాలు. "మాడు వాసనొస్తోందా అక్కడ, పొగేంటి?" అని ఒంగోలు నుంచి అమ్మే ముందు కనిపెట్టింది. అడుగు నల్లబడింది, ఆ వాసన కెటిలంతా పట్టింది. పిల్లలందరూ నూకోమిస్ అని, అంటే అమ్మమ్మా అని పిలిచే పెద్దావిడ వచ్చి చూసి, ఒక్క మాట అనలేదు. గింజ దింపించి, కెటిల్ కడిగించి, తెడ్డు మళ్ళీ నా చేతికే ఇచ్చారు. ఫోన్ మాత్రం తీసుకుని తన ఆప్రాన్ జేబులో వేసుకున్నారు.

తొక్కడం

ఇది పిల్లల పని. నేలలో మోకాలి లోతు గుంట, చుట్టూ లోపల చెక్క పలకలు, పక్కన పట్టుకోడానికి రెండు కర్రలు. వేయించిన గింజ అందులో పోసి, ఇంకెక్కడా తొడగని శుభ్రమైన మొకాసిన్లు (మెత్తటి తోలు జోళ్ళు) వేసుకుని పిల్లలు దిగుతారు. బరువంతా చేతుల మీద కర్రలకి ఆనించి, పాదాలు మాత్రం మెలి తిప్పుతూ నాట్యంలా తొక్కాలి. ధనధనా తొక్కితే గింజ నూకలవుతుంది. పెద్దవాళ్ళు బరువెక్కువ, అందుకే చిన్నపిల్లలకి గిరాకీ. మా రెండో తరగతి వాళ్ళు ఆ రోజు బడిలో అందరికంటే ముఖ్యమైన మనుషులు, అది వాళ్ళకి బాగా తెలుసు కూడా. మీ పనల్లా వాళ్ళకి మంచినీళ్ళివ్వడం, దుమ్ముకి మాస్కులు పెట్టడం.

చెరగడం

ఇక్కడ మీరు గొప్ప చూపించుకోవాలనుకుంటారు. చేట మన వస్తువు కదా. నేనూ అలాగే ముందుకి పోయాను.

వాళ్ళ చేట బర్చి చెట్టు బెరడుతో చేసింది, అంచులు వేళ్ళతో కుట్టి ఉంటాయి. మన చేటకి ముందువైపు గోడ ఉండదు, బొటనవేలితో తడుతుంటే పొల్లు ముందుకి జారి రాలిపోతుంది. దీనికి నాలుగు వైపులా గోడే. పొల్లు పోవట్లేదని నేను ఇంకాస్త ముందుకి వంచి విసిరాను, దోసెడు మంచి గింజ గడ్డిలో పడింది. ఒక్కరూ నవ్వలేదు. అదే ఎక్కువ సిగ్గేసింది. నూకోమిస్ మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో గింజ ఏరుతుంటే నేనూ కూర్చున్నాను.

పద్ధతి ఇది. రెండు దోసిళ్ళు మించి పోయొద్దు. గాలికి అడ్డంగా నిలబడాలి. మన చేటలా ముందుకి కాదు, నిలువుగా పైకి ఎగరేయాలి, గింజ దిగేలోపు ఊకని గాలి పట్టుకుపోవాలి. గింజ దిగుతున్నప్పుడు చేటని కొంచెం కిందికి తీసుకుంటూ అందుకుంటే చిట్లదు. గాలి లేకపోతే ఆగాలి, ఫ్యాన్ తెస్తామంటే కొందరు ఒప్పుకుంటారు, కొందరు ఒప్పుకోరు, ముందు అడగండి. చివర్లో మిగిలిన పొట్టు గింజల్ని పక్కకి చేర్చడానికి మాత్రం మన విద్య పనికొచ్చింది. చేటలో గుండ్రంగా తిప్పుతూ నేమితే తేలికవన్నీ పైకొచ్చి ఒక మూల చేరాయి. నూకోమిస్ ఇంకోసారి చేయమన్నారు. ఇంకోసారి. తర్వాత తన చేట నాకిచ్చి టీ తాగడానికి వెళ్ళారు. నా అమెరికా ఉద్యోగంలో నాకొచ్చిన ప్రమోషన్ అదొక్కటే.

100 పౌండ్ల పచ్చి గింజ పోస్తే చివరికి 40, 50 పౌండ్లు చేతికొస్తాయి. శాతాల పాఠం అక్కడే నేల మీద చెప్పేయండి, తూకం పిల్లలే వేస్తారు.

వండటం

కొత్త గింజ వండగానే ప్లేటు పట్టుకుని నిలబడకండి. ముందు ప్రార్థన, తర్వాత అన్నిట్లోంచీ కొంచెం కొంచెం తీసి పూర్వీకుల కోసం ఒక చిన్న ప్లేటు, తర్వాత పెద్దవాళ్ళకి పిల్లలు వడ్డిస్తారు, మనం ఆఖరున. అక్కడ ఫోటోలొద్దు.

ఇంట్లో వండుకోడానికి గ్లాసు గింజకి మూడు గ్లాసుల నీళ్ళు. చేత్తో వేయించిన గింజ 20 నిమిషాల్లో విచ్చుకుంటుంది. స్టోర్లో నల్లగా నిగనిగలాడుతూ దొరికేది ఎక్కువగా మడుల్లో సాగు చేసిన రకం, అది గంటసేపు ఉడికినా పంటికి తగులుతుంది. ఆ రెండింటినీ ఒకటే అని ఇక్కడెవరి ముందూ అనకండి. 2018లో వైట్ ఎర్త్ తెగ ఈ గింజకి సొంతంగా బతికే హక్కులున్నాయని చట్టమే చేసింది. నేను దీంతో పులిహోర చేశాను, బాగానే కుదిరింది, ఒక్క పిల్లాడూ రెండోసారి అడగలేదు. బ్లూబెర్రీలూ మేపుల్ సిరపూ కలిపి వాళ్ళు చేసేది నేను మూడుసార్లు వడ్డించుకున్నాను.

ఇంకొన్ని

సెప్టెంబరు 30న నారింజ రంగు చొక్కా వేసుకోండి. బలవంతంగా బోర్డింగ్ బడులకి పంపిన పిల్లల్ని తలుచుకునే రోజు అది. ఆ రోజు ఎవరి ఇంట్లో ఎవరు వెళ్ళారని మీరై అడగొద్దు. నవంబరు మొదట్లో జింకల వేట మొదలవుతుంది, మళ్ళీ క్లాసు ఖాళీ, ఆ వారం పరీక్ష పెట్టొద్దు. మీరు ఇండియన్ అంటే "మేము కూడా" అని ప్రతి పిల్లాడూ ఒకసారి అంటాడు, ప్రతిసారీ నవ్వాలి.

వాళ్ళ పురాణ పురుషుడు వెనబోజో కథలు చెప్పమని ఈ నెలల్లో ఎవరినీ అడక్కండి. నేను అక్టోబరులో అడిగాను. నూకోమిస్ కిటికీలోంచి ఖాళీ నేల చూపించి "మంచేదీ?" అన్నారు. నేల మీద మంచుంటేనే ఆ కథలు. నవంబరులో ఒక మంగళవారం తెల్లారేసరికి తెల్లగా పరుచుకుంది. రెండో పీరియడ్‌కి ఆవిడ బూట్లు దులుపుకుంటూ నా క్లాసులోకి వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. ఆ రోజు మీ బ్యాగులో పొగాకు మూట ఉండేలా చూసుకోండి, బోర్డు మీద భిన్నాలు తుడిచేయండి.