మ్యూజియం చూసి వచ్చేయకుండా దాని ఆర్కైవ్ దాకా వెళ్లడం ఎలా?

చరిత్ర మ్యూజియంలో అద్దాల వెనక కనిపించేది వాళ్ల దగ్గర ఉన్నదాంట్లో చాలా చిన్న వాటా. మిగతాదంతా లోపలి గదుల్లో, అట్టపెట్టెల్లో ఉంటుంది. ఉత్తరాలు, జమాఖర్చు పుస్తకాలు, మ్యాపులు, ఫొటోలు, సంఘాల మీటింగ్ మినిట్స్, కోర్టు కాగితాలు. ఇలాంటి పాత కాగితాలను భద్రపరిచే చోటునే ఆర్కైవ్ అంటారు. వాటిని చూడాలంటే పీహెచ్‌డీ చేస్తూ ఉండాలని, ఎవరో పెద్దమనిషి సిఫార్సు ఉత్తరం కావాలని చాలామంది అనుకుంటారు. పరిచయ పత్రం అడిగే చోట్లు లేకపోలేదు. కానీ ప్రజల డబ్బుతో నడిచే చాలా ఆర్కైవ్స్‌లో గుర్తింపు కార్డు చూపించి ఫారం నింపితే రీడింగ్ రూమ్‌లో కుర్చీ దొరుకుతుంది.

ఈ పని మొదలుపెట్టడానికి వేసవి అనువైన కాలం. సెలవులు ఉంటాయి కాబట్టి చాలాచోట్ల మ్యూజియంలు, లైబ్రరీలు ఈ నెలల్లోనే ఎక్కువ కార్యక్రమాలు పెడతాయి. మే 18న అంతర్జాతీయ మ్యూజియం దినోత్సవం, ఇది 1977 నుంచి జరుగుతోంది. జూన్ 9న అంతర్జాతీయ ఆర్కైవ్స్ దినోత్సవం, 1948లో అదే రోజున అంతర్జాతీయ ఆర్కైవ్స్ మండలి ఏర్పడింది. ఈ తేదీల చుట్టుపక్కల కొన్ని సంస్థలు మామూలుగా తాళం వేసి ఉంచే గదులను కూడా తెరిచి చూపిస్తాయి.

1. ముందు వాళ్ల వార్తలు చదవండి, కానీ అడుగు నుంచి

మ్యూజియం పంపే వేసవి వార్తల్లో పైన ఎప్పుడూ పెద్ద ఎగ్జిబిషన్, పిల్లల వర్క్‌షాపు, సాయంత్రం ఉపన్యాసం ఉంటాయి. ఆర్కైవ్ సంగతులు ఎక్కడో కింద రెండు లైన్లలో ముగుస్తాయి. మనకు కావలసినవి ఆ రెండు లైన్లే.

వాటిలో మూడు రకాల కబుర్లు ఉంటాయి, మూడింటికీ చాలా తేడా ఉంది. ఫలానా కుటుంబం తమ కాగితాలు మాకు ఇచ్చింది అని రాస్తే, అవి ఇంకా పెట్టెల్లో గందరగోళంగానే ఉండొచ్చు. అడిగినా చూపించకపోవచ్చు. సేకరణను సర్ది, పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చాం అంటే జాబితా తయారైందని అర్థం, వెళ్లి అడగొచ్చు. డిజిటైజ్ చేశాం అంటే ఇంట్లో కూర్చునే చూడొచ్చు. అయితే సేకరణలో ఎంత భాగం స్కాన్ అయిందో కనుక్కోవాలి. చాలాసార్లు ఫొటోలు, మ్యాపులు ముందు స్కాన్ అవుతాయి, చేతిరాత ఉత్తరాలు వెనకబడతాయి.

రెండో రకం కబురు కనిపిస్తే ఆలస్యం చేయకండి. కొత్తగా తెరిచిన పెట్టెలను ఎవరూ పెద్దగా తిరగేసి ఉండరు.

2. ఎగ్జిబిషన్‌లో లేబుల్ చివరి లైను రాసుకోండి

ఈ వ్యాసంలో ఒక్క పనే గుర్తుంచుకోవాలంటే నేను దీన్నే చెబుతాను. వస్తువు పక్కన ఉండే చిన్న కార్డులో పేరు, కాలం, రెండు ముక్కల వివరణ అయ్యాక అడుగున చిన్న అక్షరాల్లో ఒక నంబరు ఉంటుంది. దాన్ని ఎవరూ చదవరు. అద్దాల పెట్టె నుంచి వెనక గదికి దారి చూపించేది ఆ నంబరే.

చాలా మ్యూజియంలు మూడు భాగాల నంబరు వాడతాయి. ఉదాహరణకు 1987.12.3 అని ఉంటే, ఆ వస్తువు 1987లో వచ్చింది, ఆ ఏడాది వచ్చిన పన్నెండో సేకరణలోది, అందులో మూడో వస్తువు. అంటే 1987.12 కింద ఇంకా చాలా ఉండే అవకాశం ఉంది. అద్దాల్లో ఒక ఉత్తరం పెట్టారంటే, దాంతోపాటు వచ్చిన మిగతా ఉత్తరాలు పెట్టెలో ఉన్నాయేమో అడగాలి. ఆ ఉత్తరానికి వచ్చిన జవాబు కూడా అందులోనే దొరకొచ్చు.

కాగితం ఎక్కువ కాలం ప్రదర్శనలో ఉండదు, అందుకే నంబరు వెంటనే రాసుకోమంటున్నాను. వెలుతురు చేసే నష్టం ఎప్పటికప్పుడు పోగుపడుతుందే తప్ప తగ్గదు. అందుకని పాత కాగితం, పాత ఫొటోలు ఉన్నచోట దీపాలను దాదాపు 50 లక్స్‌కు (లక్స్ అంటే వెలుతురు కొలమానం) తగ్గిస్తారు, కొన్ని నెలలకోసారి వస్తువులు మార్చేస్తారు. ఆ గది ఎందుకంత చీకటిగా ఉందని విసుక్కునేవాళ్లకు జవాబు ఇదే. వేసవిలో చూసింది చలికాలానికి మళ్లీ పెట్టెలోకి పోతుంది. నంబరు మీ దగ్గర ఉంటే అప్పుడైనా రీడింగ్ రూమ్‌లో అడగొచ్చు.

3. కార్యక్రమాల్లో దేనికి వెళ్లాలి?

తెర వెనక టూర్ ఉంటే దానికి. స్టోర్ రూమ్, మరమ్మతు ల్యాబ్ చూపించే టూర్లకు పదీ ఇరవై మందినే అనుమతిస్తారు కాబట్టి ముందే పేరు ఇవ్వండి. ఉపన్యాసాలకు వెళ్తే ప్రశ్నల సమయం దాకా ఆగండి. మాట్లాడిన వ్యక్తిని ఒకే ప్రశ్న అడగండి: మీరు ఈ విషయం ఏ సేకరణలో చూశారు? జవాబులో రెండు మూడు సేకరణల పేర్లు దొరుకుతాయి. ఒక మధ్యాహ్నం క్యాటలాగ్ వెతికినా అంత దొరకదు.

4. ఒక ప్రశ్న పెట్టుకుని, దాన్ని కాగితం పుట్టిన చోటుకు మార్చండి

ఇక్కడే ఎక్కువమంది ఆగిపోతారు. లైబ్రరీలో పుస్తకాలు విషయాన్ని బట్టి ఉంటాయి. ఆర్కైవ్‌లో కాగితాలు వాటిని తయారుచేసిన మనిషిని, ఆఫీసును బట్టి ఉంటాయి. ఒక ఆఫీసు కాగితాలను ఇంకో ఆఫీసు కాగితాలతో కలపకూడదన్న సూత్రానికి 1841లో ఫ్రాన్స్ ప్రభుత్వం ఇచ్చిన సర్క్యులర్ పునాది వేసింది. ఇప్పుడు ప్రపంచమంతా దాదాపు అదే పద్ధతి.

దీని ఫలితం ఏమిటంటే, మీరు పాత వరద గురించి తెలుసుకోవాలని క్యాటలాగ్‌లో వరద అని కొడితే ఏమీ రాకపోవచ్చు. వరద మీద ఎవరూ ఫైలు పెట్టి ఉండకపోవచ్చు. ప్రశ్నను ఇలా తిప్పండి: ఆ వారం ఎవరు కలం పట్టారు? మున్సిపాలిటీ వాళ్లు ఖర్చు లెక్క రాసుంటారు. రైల్వే వాళ్లు పాడైన ట్రాక్ గురించి రిపోర్టు పంపుంటారు. ఆస్పత్రి రిజిస్టర్‌లో చేరికలు పెరిగుంటాయి. స్కూలు హాజరు పట్టీలో వరసగా ఖాళీలు ఉంటాయి. ఇన్సూరెన్స్ కంపెనీకి క్లెయిములు వెళ్లుంటాయి. ఇప్పుడు వెతకాల్సింది ఆ ఆఫీసుల పేర్లతో, ఆ ఏడాదితో.

ఒక్కో సేకరణకూ ఫైండింగ్ ఎయిడ్ అనే జాబితా ఉంటుంది. ముందు ఆ కాగితాలు ఎవరివో నాలుగు పేరాలు, తర్వాత విభాగాలు, ఆ తర్వాత పెట్టె నంబరు, ఫోల్డర్ పేరు. నేరుగా ఫోల్డర్ పేర్ల దగ్గరికి దూకేయకండి. ఏ ఏళ్ల కాగితాలు లేవో, ఏవి మూసి ఉంచారో మొదటి పేరాల్లోనే చెబుతారు. పరిమాణం లీనియర్ మీటర్లలో, అంటే పెట్టెలను వరసగా పేర్చితే వచ్చే పొడవులో, ఉంటే బెదరక్కర్లేదు. మామూలు ఆర్కైవ్ పెట్టె మందం 12, 13 సెంటీమీటర్లు అనుకుంటే ఒక మీటరుకు దాదాపు ఎనిమిది పెట్టెలు వస్తాయి. ఒక పూటలో రెండు మూడు పెట్టెలు చూడగలిగితే బాగా పనిచేసినట్టే.

5. వెళ్లే ముందు ఈమెయిల్ రాయండి

కనీసం వారం ముందు రాయండి. వేసవిలో సిబ్బంది కూడా సెలవుల్లో ఉంటారు, కొన్నిచోట్ల రీడింగ్ రూమ్ వేళలు తగ్గుతాయి. పెద్ద ఉపోద్ఘాతం అక్కర్లేదు. ఇలా చాలు:

“నమస్కారం. 1920ల నాటి రైల్వే కార్మికుల ఇళ్ల గురించి తెలుసుకుంటున్నాను. మీ ఆన్‌లైన్ జాబితాలో ఫలానా సేకరణ, 4, 5 పెట్టెలు చూశాను. ఫలానా తేదీన వచ్చి వాటిని చూడవచ్చా? ఇదే విషయం మీద నేను గమనించని సేకరణలు ఏమైనా ఉంటే చెప్పగలరు.”

చివరి వాక్యం వదిలేయకండి. జాబితాల్లోకి ఎక్కని సంగతులు ఆర్కైవిస్టుల బుర్రలో చాలా ఉంటాయి.

ముందుగా రాయడానికి ఇంకో రెండు కారణాలు ఉన్నాయి. మొదటిది, కొన్ని కాగితాలు గడువు తీరేదాకా తెరవరు. అమెరికా జనగణనలో వ్యక్తుల వివరాలను 72 ఏళ్లు మూసి ఉంచుతారు. 1950 నాటివి 2022 ఏప్రిల్ 1న తెరుచుకున్నాయి. ఇంగ్లండ్, వేల్స్‌లో గడువు 100 ఏళ్లు, 1921 జనగణన 2022 జనవరిలో బయటికొచ్చింది. రెండోది, కలర్ ఫొటోలు, ఫిల్మ్ నెగటివ్‌లను చాలాచోట్ల చల్లటి గదుల్లో దాస్తారు. వేసవి ఉక్కలో వాటిని ఉన్నపళంగా బయటికి తీస్తే మీద తేమ పేరుకుంటుంది. గది వేడికి అలవాటు పడేదాకా మూత తీయకుండా గంటల తరబడి, ఒక్కోసారి రోజంతా ఉంచాలి. అప్పటికప్పుడు వెళ్లి అడిగితే వాళ్లు ఇవ్వనిది అందుకే.

6. రీడింగ్ రూమ్‌లో

బ్యాగు, పెన్ను, నీళ్ల సీసా లాకర్‌లో పెట్టిస్తారు. లోపలికి పెన్సిల్, విడి కాగితాలు, ల్యాప్‌టాప్, ఫోన్ తీసుకెళ్లొచ్చు. ఏసీ గట్టిగా ఉంటుంది కాబట్టి బయట ఎంత ఎండ ఉన్నా ఒక పలచటి స్వెటర్ దగ్గరుంచుకోండి.

సినిమాల్లో చూసి తెల్ల గ్లవ్స్ ఇస్తారని ఎదురుచూడొద్దు. కాగితానికి గ్లవ్స్ కంటే కడిగి ఆరబెట్టుకున్న చేతులే నయం. గ్లవ్స్ తొడిగితే వేలికి స్పర్శ తెలియక అంచు చిరుగుతుంది. ఫొటోలు, నెగటివ్‌లకు మాత్రం గ్లవ్స్ ఇస్తారు, వేలిముద్రల్లోని నూనె, చెమట వాటి పైపొరను పాడుచేస్తాయి. చేతులకు క్రీము రాసుకుని వెళ్లకండి.

పెట్టెలోంచి ఒకసారికి ఒక్క ఫోల్డరే తీయండి. అది ఉన్నచోట గుర్తుగా ఒక అట్టముక్క పెట్టండి. లోపలి కాగితాల వరస తప్పుగా ఉందనిపించినా మార్చకండి, సిబ్బందికి చెప్పండి. ఆ వరస కూడా సాక్ష్యమే: ఏ ఉత్తరం ఏ రశీదు పక్కన ఉంచారన్నదాన్ని బట్టి కథ మారిపోవచ్చు. పాత న్యూస్‌పేపర్ అంచులు ముట్టుకుంటే పొడి రాలుతుంది. చెక్క గుజ్జు కాగితంలోని ఆమ్లం దాన్ని లోపల్నుంచి తినేస్తుంది. అలాంటిచోట మైక్రోఫిల్మ్ (పేజీలను బాగా చిన్నవి చేసి ఫొటో తీసిన ఫిల్మ్) చూడమంటే నొచ్చుకోకండి.

7. ఫొటోలు తీసేటప్పుడు

ఫ్లాష్ ఆపండి. కొత్త ఫోల్డర్ తెరిచిన ప్రతిసారీ ముందు పెట్టె లేబుల్, తర్వాత ఫోల్డర్ పేరు ఫొటో తీసి, ఆ తర్వాతే కాగితాలు తీయండి. ఇంటికొచ్చాక ఫోన్‌లో వందల కాగితాలు ఒకేలా కనిపిస్తాయి, ఏది ఎక్కడిదో చెప్పేవి ఆ రెండు ఫొటోలే. కాగితం వెనక కూడా చూడండి, ఆఫీసు ముద్రలు, తేదీలు అక్కడే ఉంటాయి. ఫొటో తీయడానికి అనుమతి వేరు, దాన్ని ప్రచురించడానికి అనుమతి వేరు. రెండోది విడిగా అడగాలి.

8. పిల్లలు వెంట ఉంటే

చాలా రీడింగ్ రూమ్‌లలో చిన్నపిల్లలను రానివ్వరు. వాళ్లను మ్యూజియం వైపు వర్క్‌షాపులో చేర్చి, పాత ఫొటో ఒకటి చూపించి అందులో ఎన్ని వస్తువులు ఇప్పుడు లేవో లెక్కపెట్టమనండి. అరగంట గడిచిపోతుంది.

9. ఇంటి దగ్గర్నుంచి పనిచేయాలంటే, మీ కాగితాలు ఇవ్వాలంటే

ఎండల్లో బయటికి వెళ్లలేనివాళ్లు చేతిరాత కాగితాలను టైప్ చేసి పెట్టే పనిలో చేరొచ్చు. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2018లో ఇందుకోసం ఒక ప్రాజెక్టు మొదలుపెట్టింది. జూనివర్స్ అనే ఆన్‌లైన్ వేదికలోనూ ఇలాంటివి దొరుకుతాయి. పాత చేతిరాత చదవడం అలవాటు కావడానికి ఇంతకంటే మంచి దారి నాకు తెలియదు.

ఇంట్లో పాత ఉత్తరాలు, ఫొటోలు ఉంటే కొన్ని సంస్థలు వేసవిలో పెట్టే స్కానింగ్ రోజుకు తీసుకెళ్లండి. ముందుగా శుభ్రం చేయకండి, లామినేషన్ అసలే వద్దు, అది తిరిగి ఊడదు. చిరిగినచోట సెల్లో టేపు వేయకండి, దాని జిగురు పసుపు మరకై కాగితంలోకి దిగుతుంది. ఫొటోలో ఉన్నవాళ్ల పేర్లు తెలిసిన పెద్దవాళ్లు ఉన్నప్పుడే అడిగి, వెనక మెత్తటి పెన్సిల్‌తో తేలిగ్గా రాయండి. సొంతంగా స్కాన్ చేస్తే కాగితాలకు 300 నుంచి 400 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలో చెప్పే లెక్క), చిన్న ఫొటోలకు 600 పెట్టండి.

అసలు కాగితాలే ఇచ్చేయాలనుకుంటే దాన పత్రం మీద సంతకం పెట్టే ముందు మూడు సంగతులు అడగండి: కాపీరైట్ ఎవరికి ఉంటుంది, కొన్ని ఉత్తరాలను కొన్నేళ్లు మూసి ఉంచమని కోరవచ్చా, వాళ్లకు అక్కర్లేనివి మీకు తిరిగి ఇస్తారా. జవాబులు నోటిమాటగా కాకుండా ఆ పత్రంలోనే రాయించుకోండి.