పాత చాకిరేవు చూడబోతున్నారా

మన పాలమూరు, నల్లగొండ పల్లెల్లో ఊట పక్కన పాత చాకిరేవు ఎక్కడైనా మిగిలి ఉందని తెలిస్తే అక్టోబరు నుంచి సంక్రాంతి లోపు వెళ్లి చూడండి. మనది రాతి నేల కదా, పడిన వాన మొరంలోకి, బండల నెర్రెల్లోకి దిగి ఊటై మెల్లగా బయటికొస్తుంది, ఎండలు ముదిరేసరికి సన్నబడిపోతుంది.

మ్యాప్‌లో వెతకొద్దు, దొరకదు. ఊళ్లో దిగి రజకుల ఇళ్లెటో అడగండి. రేవు వాళ్లది, అందుకే ముందు అక్కడున్న పెద్దావిడతో "అవ్వా, ఒక్కసారి రేవు చూసిపోతం" అని చెప్పాకే దిగండి. ఫోన్ తర్వాత తీయొచ్చు. ఆరేసిన బట్టలకు మాత్రం ఫోటోలు తీయొద్దు, అవి ఎవరింటివో ఊరందరికీ తెలుసు.

నాకైతే అన్నిటికంటే ఆ బండలే ఇష్టం. ఎన్ని తరాలు బట్టలు ఉతికితే రాయి నడుమ అంత నున్నగా అరుగుతుందో చేత్తో తడిమితే గానీ తెలియదు. పక్కన మసిబారిన రాళ్లుంటే అది బాన, అంటే పెద్ద కుండ, పెట్టిన పొయ్యి. సబ్బు రాకముందు చౌడు మన్ను కలిపిన నీళ్లలో బట్టలు నానబెట్టి, బాన మీద పేర్చి ఆవిరి పట్టేవాళ్లు, ఆ మన్నులోని సోడాకే మురికి వదిలేది. ఏ బట్ట ఎవరిదో తెలియడానికి నల్లజీడి రసంతో గుర్తు పెట్టేవాళ్లు, ఎన్ని ఉతుకులైనా అది పోదు. ఈ సంగతులన్నీ అవ్వను అడగండి, నాకంటే బాగా చెబుతుంది. దగ్గర్లో రజకుల దేవుడు మడేలయ్య గుడి ఉంటే చెప్పులు విడిచి వెళ్లండి.

ఊట మొదట్లో కాళ్లు కడగొద్దు, సబ్బు అసలే వద్దు. తేటగా ఉన్నాయని ఆ నీళ్లు తాగకండి, ముఖ్యంగా నల్లగొండ వైపు. ఫ్లోరైడ్ కంటికి కనబడదు, నాలుకకు తెలియదు, మరిగించినా పోదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరావు. ఇంటి నుంచే బాటిల్ తెచ్చుకోండి.

రేవు దొరక్కపోయినా ఊట చూడాలనుంటే అచ్చంపేట దగ్గర రంగాపూర్ కొండ మీది ఉమామహేశ్వరానికి వెళ్లండి, అక్కడ పాపనాశనం అనే చోట బండ సందుల్లోంచి నీళ్లు వస్తుంటాయి. కోతులుంటాయి, చేతిలో కవర్లు పట్టుకుని ఎక్కొద్దు.