ఇంగ్లీష్ టెన్సులు – 4వ పాఠం: తాళంచెవి పోయింది, ఇంతకీ దొరికిందా?

ముందు పోయిన పాఠంలో ఇంగ్లీష్‌లోకి మార్చమని ఇచ్చిన వాక్యాల సంగతి. మొదటి నాలుగూ తేలికే. అయిదోది ‘ఆయన నాకు తెలుసు’. దీన్ని ‘ఐ యామ్ నోయింగ్ హిమ్’ అని రాసి ఉంటే కొట్టేసి, ‘ఐ నో హిమ్’ అని పక్కన రాసుకోండి. తెలియడం, నమ్మడం, ఇష్టపడటం లాంటివి మనసులో ఉండే స్థితులు. వాటికి మామూలుగా ఐఎన్‌జీ తగిలించరు.

ఇక ఈ పాఠం. తెలుగువాళ్లను టెన్సులన్నింటిలోకీ ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదేనని నా నమ్మకం. తెలివి చాలక కాదు. మనకు ఒక్క మాటతో సరిపోయే చోట ఇంగ్లీష్‌లో రెండు రూపాలున్నాయి. రెండిట్లో ఏది కావాలో ప్రతిసారీ తేల్చుకోక తప్పదు.

తలుపు ముందు నిలబడి, జేబులు తడుముకుంటూ ‘అయ్యో, తాళంచెవి పోయింది’ అంటాం. ‘పోయిన వారం తాళంచెవి పోయింది, మర్నాడు సోఫా కింద దొరికింది’ అని ఎవరికో చెప్పేటప్పుడూ ‘పోయింది’ అనే అంటాం. ఇంగ్లీష్‌లో మొదటిది ‘ఐ హావ్ లాస్ట్ మై కీ’. రెండోది ‘ఐ లాస్ట్ మై కీ లాస్ట్ వీక్’. మొదటి వాక్యం విన్నవాడికి, తాళంచెవి ఇంకా దొరకలేదని, మీరింకా బయటే ఉన్నారని వేరే చెప్పక్కర్లేదు. ఆ ‘హావ్’ చెప్పేసింది. రెండో వాక్యంలో జరిగింది పోయిన వారంతోనే ముగిసింది.

రెండో వాక్యంలోని ఒట్టి ‘లాస్ట్’ పేరు సింపుల్ పాస్ట్. ‘హావ్ లాస్ట్’ అనే రూపం పేరు ప్రెజెంట్ పర్ఫెక్ట్. అయిపోయిన పనికి ప్రెజెంట్ ఏమిటని చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ‘హావ్’ అంటే ‘నా దగ్గర ఉంది’ అని కదా. పని అయిపోయింది, దాని ఫలితం ఇప్పుడు నా దగ్గర ఉంది. అలా పట్టుకుంటే పేరు అర్థమైపోతుంది.

మరి ఏది ఎప్పుడు వాడాలి? నేను వాడే పరీక్ష ఒక్కటే. వాక్యంలో ‘ఎప్పుడు?’ అనే ప్రశ్నకు జవాబుగా గడిచిపోయిన సమయం ఉందా? నిన్న, పోయిన నెల, రెండు రోజుల కిందట, 2019లో... ఇలాంటివి ఏవి ఉన్నా ఈ రెండిట్లో సింపుల్ పాస్టే రావాలి. ‘ఐ హావ్ సీన్ హిమ్ యెస్టర్‌డే’ తప్పు, ‘ఐ సా హిమ్ యెస్టర్‌డే’ ఒప్పు. అడిగేటప్పుడూ అంతే. ‘ఎప్పుడు వచ్చారు?’ అనడానికి ‘వెన్ హావ్ యు కమ్?’ అనకూడదు, ‘వెన్ డిడ్ యు కమ్?’ అనాలి. బాగా చదువుకున్నవాళ్ల నోట కూడా ఈ తప్పు తరచుగా వింటుంటాను.

ప్రెజెంట్ పర్ఫెక్ట్‌ను పట్టిచ్చే మాటలు తెలుగులోనే ఉన్నాయి. ఇంకా, ఇప్పటిదాకా, ఎప్పుడైనా, ఇప్పుడే. ‘ఇంకా తినలేదు’ అంటే ‘ఐ హావెంట్ ఈటెన్ యెట్’. ‘నిన్న రాత్రి తినలేదు’ అంటే ‘ఐ డిడ్ంట్ ఈట్ లాస్ట్ నైట్’. రెండుచోట్లా మనది ‘తినలేదు’ అనే ఒకే రూపం. కాబట్టి క్రియను చూసి తేల్చుకోవాలనుకుంటే దొరకదు, దాని పక్కనున్న మాటను చూడాలి. అమెరికన్లు ‘ఆల్రెడీ’, ‘జస్ట్’ ఉన్నచోట ‘ఐ ఆల్రెడీ ఏట్’ అని సింపుల్ పాస్ట్ కూడా వాడతారు. వింటే కంగారు పడకండి. మీరు మాత్రం ప్రస్తుతానికి ‘ఐ హావ్ ఆల్రెడీ ఈటెన్’ దగ్గరే ఉండండి.

ఒకచోట తెలుగే మనకు సాయం చేస్తుంది. ‘లైబ్రరీకి వెళ్లాడు, ఇంకా రాలేదు’ అయితే ‘హీ హాజ్ గాన్ టు ద లైబ్రరీ’. ‘వెళ్లొచ్చాడు’ అయితే ‘హీ హాజ్ బీన్ టు ద లైబ్రరీ’. గాన్ అంటే వెళ్లినవాడు ఇంకా తిరిగి రాలేదు. బీన్ అంటే వెనక్కి వచ్చేశాడు. మన ‘వెళ్లొచ్చాడు’లోని ‘వచ్చాడు’ను గుర్తుపెట్టుకుంటే ఈ తేడా ఇక మర్చిపోరు.

ఇప్పుడు ఏళ్లూ నెలల లెక్క. ఇక్కడ నాకు దెబ్బ తగిలింది కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. ఒకప్పుడు ఉద్యోగం మారదామని దరఖాస్తు రాశాను. ‘5 ఏళ్లు టైపిస్టుగా చేశాను’ అని మనసులో అనుకుని ‘ఐ వర్క్‌డ్ యాజ్ ఎ టైపిస్ట్ ఫర్ ఫైవ్ ఇయర్స్’ అని పెట్టాను. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న, ఆ ఉద్యోగం ఎందుకు మానేశారని. నేను మానలేదు, ఆ రోజు కూడా సెలవు పెట్టి వచ్చాను. వాళ్ల పొరపాటేమీ లేదు, నా వాక్యం వాళ్లకు చెప్పింది అదే. ‘వర్క్‌డ్’ అంటే చేశాడు, అయిపోయింది. ఇంకా చేస్తూనే ఉంటే ‘ఐ హావ్ వర్క్‌డ్’ అనాలి, లేదా ‘ఐ హావ్ బీన్ వర్కింగ్’.

దీనికి ఎదురు తప్పు ఇంకోటి ఉంది. ‘5 ఏళ్ల నుంచి ఇక్కడ పనిచేస్తున్నాను’ను మాటకు మాట మార్చి ‘ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ ఫైవ్ ఇయర్స్’ అనేస్తాం. ఇందులో తప్పులు రెండు. అప్పుడు మొదలై ఇప్పటిదాకా సాగిన పనికి ‘యామ్ వర్కింగ్’ చాలదు, ‘హావ్ బీన్ వర్కింగ్’ కావాలి. రెండోది ‘నుంచి’. మనం ‘2019 నుంచి’ అంటాం, ‘5 ఏళ్ల నుంచి’ అనీ అంటాం. ఇంగ్లీష్‌లో మొదలైన చోటు చెప్తే సిన్స్, ఎంత కాలమో చెప్తే ఫర్. సిన్స్ 2019, ఫర్ ఫైవ్ ఇయర్స్.

రూపం గురించి రెండు ముక్కలు చాలు. ఈ టెన్సులో హావ్, హాజ్ తర్వాత ఎప్పుడూ వీ3 రావాలి, అంటే ‘గో, వెంట్, గాన్’లో మూడోదైన ‘గాన్’ లాంటి రూపం. ‘ఐ హావ్ వెంట్’ కాదు, ‘ఐ హావ్ గాన్’. ‘హాజ్ కేమ్’ కాదు, ‘హాజ్ కమ్’.

ఇంకో విషయం, ఇది చెవికి సంబంధించింది. మాట్లాడేటప్పుడు ఇంగ్లీష్‌వాళ్లు ‘ఐ హావ్ లాస్ట్’ అని విడివిడిగా పలకరు, ‘ఐవ్ లాస్ట్’ అంటారు. ఆ చిన్న ‘వ్’ మన చెవికి అందక ‘ఐ లాస్ట్’ అనే వినిపిస్తుంది. విన్నదే మనమూ అంటాం. ఈ వారం ఇంగ్లీష్ వార్తలో, ఇంటర్వ్యూనో పది నిమిషాలు పెట్టుకుని, వేరే ఏదీ పట్టించుకోకుండా ఆ ‘వ్’ కోసమే వినండి. దొరికిన ప్రతి వాక్యాన్నీ రాసుకుని పైకి చదవండి.

ఇవి ఇంగ్లీష్‌లోకి మార్చండి. ఒక్కోదానికి ముందు ‘ఎప్పుడు?’ పరీక్ష పెట్టండి. జవాబులు వచ్చే పాఠంలో.

1. మా చెల్లెలు నిన్న ఫోన్ చేసింది.
2. నేను ఎప్పుడూ సముద్రం చూడలేదు.
3. మీరు ఈ పుస్తకం ఎప్పుడు కొన్నారు?
4. ఆమె రెండు గంటల నుంచి చదువుతోంది.
5. మా తాతగారు ఈ ఇంట్లో 40 ఏళ్లు ఉన్నారు.

అయిదోదానికి జవాబులు రెండు. తాతగారు ఇప్పుడూ ఆ ఇంట్లోనే ఉంటే ఒకటి, లేకపోతే ఇంకొకటి. రెండూ రాయండి.