ఇంటి నుంచే ఇన్‌స్ట్రక్షనల్ డిజైన్ – 5వ పాఠం: ఏ పరిస్థితిలో?

ఈసారి పరీక్ష ప్రశ్నలు రాయడం మొదలుపెట్టాల్సింది. పోయిన పాఠం తర్వాత మీరు పంపిన లక్ష్యాలు, అంటే శిక్షణ అయ్యాక మనిషి ఏం చేయగలగాలో చెప్పే వాక్యాలు చూశాక దాన్ని వెనక్కి నెట్టాను. ఒడిశాలోని రాయగడ నుంచి వచ్చినవాటిలోనూ, పర్లాకిమిడి నుంచి వచ్చినవాటిలోనూ ఒకటే లోపం.

లక్ష్యాలు రాయడం మీద పుస్తకం రాసిన రాబర్ట్ మేగర్, లక్ష్యానికి ఉండాలని 1962లో చెప్పిన మూడు భాగాలు మీ ఆన్‌లైన్ పీజీ కోర్సులో వచ్చే ఉంటాయి. చేసి చూపించాల్సిన పని, ఏ పరిస్థితిలో చేయాలో, ఎంత బాగా చేయాలో. మొదటిదాని గురించి మళ్లీ చెప్పను. బీఎడ్ చేసినవాళ్లు మాత్రం ‘అవగాహన చేసుకుంటారు’, ‘ప్రశంసిస్తారు’ లాంటి కంటికి కనిపించని పనులు మీ పాఠ్యపథకం పుస్తకంలోనే వదిలేసి రండి.

తంటా అంతా రెండోదానితోనే. ‘ప్రొజెక్టర్ ఉన్న గదిలో, 20 నిమిషాల వీడియో చూశాక...’ అని మొదలుపెట్టారు చాలామంది. అది పాఠం జరిగే పరిస్థితి. మేగర్ అడిగింది పని జరిగే పరిస్థితి. నేర్చుకున్న మనిషి రేపు ఆ పనికి దిగినప్పుడు చేతిలో ఏముంటుంది, ఏముండదు, పక్కన ఎవరు తొందరపెడుతుంటారు? ప్రొజెక్టర్ అయితే ఉండదు గదా!

మీలో ఒకరు పంపింది చూడండి: ‘చార్టు సాయంతో అంగన్‌వాడీ కార్యకర్త జబ్బ కొలిచే టేపులోని రంగులను గుర్తిస్తుంది.’ బిడ్డకు పోషకాహార లోపం ఉందో లేదో చూసే టేపు అది. రంగులు గుర్తించడానికి శిక్షణ ఎందుకండీ? 11.5 సెంటీమీటర్ల లోపు ఎరుపు, అక్కడి నుంచి 12.5 దాకా పసుపు, ఆపైన ఆకుపచ్చ. అదంతా టేపు మీదే ఉంది. చిక్కంతా బిడ్డ దగ్గర. ఎడమ చేతికి భుజం కొస, మోచేతి కొస చూసుకుని సరిగ్గా మధ్యన గుర్తు పెట్టాలి. తర్వాత చెయ్యి వదులుగా వేలాడాలి. బిడ్డేమో ఏడుస్తూ చెయ్యి ముడుచుకుంటుంది. టేపు బిగిస్తే పసుపులో ఉండాల్సిన బిడ్డ ఎరుపులో పడుతుంది. వదిలేస్తే ఎరుపులో ఉన్న బిడ్డ పసుపులోకి వచ్చేస్తుంది, వైద్యం అందాల్సిన పిల్ల ఇంటికెళ్లిపోతుంది. పైగా రాయగడ వైపు ఊళ్లలో తల్లి మాట్లాడేది కువి అనే గిరిజన భాష, రిజిస్టరు ఒడియాలో, కార్యకర్త ఇంట్లో తెలుగు. ఇవన్నీ పరిస్థితే.

నేనైతే ఇలా రాస్తాను: ‘తల్లి ఒళ్లో కుదురుగా కూర్చోకుండా కదిలే, ఆరు నెలలు నిండి ఐదేళ్ల లోపున్న బిడ్డకు, చార్టు లేకుండా, ఎడమ జబ్బ చుట్టుకొలత తీసి ఒడియా రిజిస్టరులో ఎక్కిస్తుంది. వెంటనే సూపర్‌వైజరు కొలిచినా అదే రంగు రావాలి.’ ఈ వాక్యం కుదిరాక పోషకాహారం చరిత్ర మీద మీరు తయారుచేసిన స్లైడ్లు వాటంతటవే రాలిపోతాయి.

‘ఎంత బాగా’ అన్నచోట కళ్లు మూసుకుని 80 శాతం వేయకండి. పదిమంది పిల్లల్లో ఇద్దరిని తప్పు కొలిచినా ఫరవాలేదనా?

పొదుపు సంఘం వాళ్లకు బ్యాంకు ఫారం నింపడం నేర్పుతామన్నవాళ్లకూ ఇదే మాట. బ్యాంకులో దొరికేది ఒడియా, ఇంగ్లిషు అచ్చు అయితే తెలుగు నమూనాతో సాధన చేయించకండి.

నా పద్ధతి ఒకటుంది. అధికారికి ఫోన్ చేసి వివరాలు అడగను. ఆయన సర్క్యులర్‌లో ఉన్నదే చెప్తాడు. పని జరిగేచోట ఓ మూల నిలబడి చూస్తాను. మౌస్‌తో బొమ్మలు లాగి జతపరిచే క్విజ్‌లు నాకు మొదట్నుంచీ పడకపోవడానికి కారణం కూడా ఇదే: అసలు పనిలో అలా లాగి జతపరిచేది ఏదీ కనపడదు.

అభ్యాసం: రేషన్ దుకాణమో, బ్యాంకు కౌంటరో, అంగన్‌వాడీయో, అనుమతి అడిగి ఒక పూట కూర్చోండి. ఒక్క మనిషి చేసే ఒక్క పనికి ఒక్క లక్ష్యం రాయండి. తర్వాత అందులో చేసే పనిని కొట్టేసి, పరిస్థితి మాత్రం ఉంచి, కోర్సుతో సంబంధం లేని మనిషికి చూపించండి. ఇది ఎక్కడ జరుగుతోందో వాళ్లు చెప్పగలగాలి. ‘ఏదో క్లాసులా ఉంది’ అన్నారా, మర్నాడు మళ్లీ వెళ్లి కూర్చోండి. ఈ లక్ష్యం మీ చేతిలో లేకుండా 6వ పాఠం తెరవొద్దు, అందులో ప్రతి ప్రశ్నా దీని మీదే రాయిస్తాను.